శక్తి నిల్వ చరిత్రలో స్త్రీలు: రుద్రూర్ చెరుకు నేల నుంచి ఒక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• శక్తి నిల్వ అంటే ఏమిటో మీ పరిసరాల్లోని ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• తొలి తెలుగు మహిళా ఇంజనీరు అయ్యలసోమయాజుల లలిత జీవితాన్ని ఆమె కాలపు సామాజిక స్థితితో కలిపి అర్థం చేసుకోగలుగుతారు.
• శక్తి నిల్వ పరిశోధనలో స్త్రీల ప్రవేశానికి తోడ్పడిన, అడ్డుపడిన కారణాలను విశ్లేషించగలుగుతారు.
• ‘తొలి మహిళ’ అనే వర్ణనను చరిత్ర విద్యార్థిగా పరీక్షించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

శక్తి నిల్వ అనగానే మీకు సెల్‌ఫోన్ బ్యాటరీయో, ఇంట్లోని ఇన్వర్టరో గుర్తుకు రావచ్చు. ఇది భౌతిక, రసాయన శాస్త్రాల అంశం కదా, చరిత్ర పాఠంలోకి ఎందుకు వచ్చిందని కూడా మీరు అడగవచ్చు. ప్రతి సాంకేతిక విజ్ఞానం వెనుకా మనుషులుంటారు. ఆ మనుషుల్లో ఎవరికి కళాశాలలో సీటు దొరికింది, ఎవరికి ప్రయోగశాలలో చోటు దొరికింది, ఎవరి పేరు రికార్డుకెక్కింది అన్నవి చరిత్ర ప్రశ్నలు. ఈ భాగంలో ఆ ప్రశ్నలను స్త్రీల వైపు నుంచి అడుగుదాం. మొదట మనకు తెలిసిన నేల మీద, నిజామాబాద్ జిల్లాలోని రుద్రూర్, బోధన్ ప్రాంతంలో నిలబడి ‘నిల్వ’ అనే భావనను అర్థం చేసుకుందాం. తరువాత మద్రాసు, కలకత్తా, అమెరికాలోని డోవర్, కారైకుడి మీదుగా ప్రయాణించి మళ్లీ ఇక్కడికే వద్దాం.

2. నిల్వ అంటే ఏమిటి: మంజీర నీరు, చెరుకు గడ

శక్తి ఒక సమయంలో దొరుకుతుంది, మరో సమయంలో అవసరమవుతుంది. ఈ రెండు సమయాల మధ్య ఉన్న ఎడాన్ని పూరించే ఏర్పాటే నిల్వ. ఈ నిర్వచనాన్ని గుర్తుంచుకుంటే మీ చుట్టూ ఉన్న చాలా విషయాలు కొత్తగా కనిపిస్తాయి.

మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని రూపకర్తగా ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరు చరిత్రలో నిలిచింది. వానాకాలపు నీటిని యాసంగికి అందించడం ఆ జలాశయం పని. ఎత్తున నిలిచిన నీటిలో శక్తి కూడా దాగి ఉంటుంది. అందుకే తరువాతి కాలంలో అక్కడ ఒక చిన్న జలవిద్యుత్ కేంద్రం కూడా వెలిసింది. నిజాంసాగర్ కాలువ నీటితోనే రుద్రూర్, వర్ని, బోధన్ పొలాల్లో చెరుకు, వరి విస్తరించాయి. కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ‘క్యాంపు’లు ఏర్పడ్డాయి. చెరుకు, వరి పంటల పరిశోధన కోసం రుద్రూర్‌లో వ్యవసాయ పరిశోధనా కేంద్రం పనిచేస్తోంది.

చెరుకు కూడా ఒక నిల్వ పాత్రే. దాదాపు ఏడాది పాటు ఎండను తాగి, దాన్ని చక్కెర రూపంలో గడలో దాస్తుంది. నాటిన ముచ్చె మొలకెత్తేది ఆ దాచుకున్న ఆహారం బలంతోనే. అయితే నరికిన చెరుకు ఎక్కువ రోజులు ఆగదు. ఆలస్యమైన కొద్దీ అందులోని చక్కెర తగ్గిపోతుంది. రసాన్ని వండి, పలుకుగా మార్చి, బస్తాకెత్తితే నెలల తరబడి నిలుస్తుంది. అంటే చక్కెర కర్మాగారం నిలవని దాన్ని నిలిచే రూపంలోకి మార్చే యంత్రం. 1937లో నిజాం కాలంలో స్థాపితమైన బోధన్ శక్కర్‌నగర్ కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందింది. టన్ను చెరుకు ఆడితే సుమారు 280 నుంచి 300 కిలోల పిప్పి మిగులుతుంది. ఆ పిప్పినే బాయిలర్లలో మండించి కర్మాగారాలు ఆవిరిని, విద్యుత్తును తయారుచేసుకుంటాయి. ఎండ గడలో చేరి, గడ పిప్పిగా మారి, పిప్పి విద్యుత్తు అయింది. ఇది శక్తి నిల్వ గొలుసు.

3. ఎవరి పేరు రికార్డుకెక్కింది?

ఈ గొలుసులో స్త్రీలు ఎక్కడున్నారు? ముచ్చెలు నాటింది, కలుపు తీసింది, ఎండుటాకు ఒలిచింది చాలావరకు స్త్రీలే. ఆనకట్టల మీద తట్టలు మోసిన కూలీల్లోనూ స్త్రీలున్నారు. కృష్ణపై 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతికట్టడపు ఆనకట్ట. దాన్ని యంత్రాల కంటే మనుషుల చేతులే ఎక్కువగా కట్టాయి. ఆ చేతుల్లో స్త్రీలవీ ఉన్నాయని ఆనాటి ఛాయాచిత్రాలు చెబుతాయి. అయితే ఛాయాచిత్రంలో ముఖం ఉంటుంది, పేరు ఉండదు. శిలాఫలకం మీద పేరు ఉంటుంది, కూలీది మాత్రం ఉండదు.

కాబట్టి శక్తి నిల్వ చరిత్రలో స్త్రీలు లేరనడం సరికాదు. శ్రమలో మొదటి నుంచీ ఉన్నారు. వారికి ప్రవేశం లేనిది రూపకల్పనలోకి, లెక్కలోకి, గీతలోకి. ఆ గీత గీసే గదిలోకి ఒక తెలుగు స్త్రీ ఎలా వెళ్లిందో ఇప్పుడు చూద్దాం.

4. అయ్యలసోమయాజుల లలిత (1919–1979)

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో ఒక మధ్యతరగతి తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యులు. ఆ ఇంట్లో కొడుకులకు ఇంజనీరింగ్ చదువులు, కూతుళ్లకు ప్రాథమిక చదువులు అన్నదే ఆనవాయితీ. లలితకు పదిహేనేళ్లకే పెళ్లి జరిగింది. పెళ్లి తరువాత కూడా ఆమె పాఠశాల చదువు పూర్తయ్యేలా తండ్రి చూశారు. 1937లో ఆమెకు కూతురు పుట్టింది. ఆ తరువాత నాలుగు నెలలకే భర్త మరణించాడు. అప్పటికి ఆమె వయసు పద్దెనిమిది.

ఆ కాలంలో చిన్న వయసులో భర్తను పోగొట్టుకున్న స్త్రీ ముందు ఎలాంటి జీవితం ఉండేదో మీరు కందుకూరి వీరేశలింగం సంస్కరణోద్యమ పాఠంలో చదివే ఉంటారు. లలిత ఆ దారిన వెళ్లలేదు. క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియట్ మొదటి తరగతిలో ఉత్తీర్ణురాలై ఉద్యోగానికి దారితీసే చదువు కోసం వెతికారు. వైద్యం చదివితే వేళకాని వేళల్లో పిలుపు వస్తుంది, పసిబిడ్డ తల్లికి అది కుదరదు. అందుకని ఇంజనీరింగ్ వైపు మొగ్గారు. ఈ కారణాన్ని గమనించండి. ఇక్కడ మేధోవాంఛతో పాటు పిల్ల పెంపకం లెక్క కూడా ఉంది. స్త్రీల వృత్తి చరిత్రను రాసేటప్పుడు ఆ రెండో లెక్కను వదిలేస్తే సగం చరిత్రే రాసినట్లు.

గిండీ కళాశాలలో అప్పటివరకు అమ్మాయిలు లేరు. తండ్రి ప్రిన్సిపాల్ కె.సి. చాకోతో మాట్లాడారు. ప్రజా విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్ అనుమతి ఇచ్చారు. 1940లో లలిత చేరారు. వందల మంది అబ్బాయిల మధ్య ఒక్క అమ్మాయి. హాస్టల్లో ఆమె ఒంటరితనాన్ని చూసి తండ్రి మరికొందరు అమ్మాయిలు చేరేలా ప్రయత్నించారు. ఆ తరువాత పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. వీరిలో త్రేసియా తరువాతి కాలంలో కేరళ ప్రజాపనుల శాఖ చీఫ్ ఇంజనీరు అయ్యారు.

లలిత 1943లో చదువు ముగించారు. ఆమె పట్టా పత్రం చరిత్ర విద్యార్థులకు చాలా విలువైన ఆధారం. అచ్చు పత్రంలో విద్యార్థిని సూచించే సర్వనామం ‘అతడు’ అనే అర్థంలోనే ఉంది. దాన్ని కలంతో కొట్టివేసి ‘ఆమె’ అని చేత్తో రాశారు. స్త్రీ వస్తుందని ఊహించని వ్యవస్థ, ఒక స్త్రీ రాగానే చేసుకున్న మొదటి దిద్దుబాటు అది. ఒక్క అక్షరం దిద్దిన చోట ఒక శతాబ్దపు అలవాటు కనిపిస్తుంది.

జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ తరువాత లలిత సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో పనిచేశారు. అక్కడ సోదరుని కుటుంబం ఉండడంతో పాపను చూసుకోవడానికి వీలైంది. కొంతకాలం తండ్రి పరిశోధనల్లో సాయపడ్డారు. ఆర్థిక అవసరాల వల్ల 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. అక్కడ విద్యుత్ ప్రసార లైన్ల రూపకల్పన, సబ్‌స్టేషన్ల అమరిక, రక్షక పరికరాల పనులు చేపట్టారు. సట్లెజ్ నదిపై కట్టిన భాక్రా–నంగల్ పథకపు విద్యుత్ పనులు వాటిలో ముఖ్యమైనవి.

లలిత బ్యాటరీ పరిశోధకురాలు కాదు. అయినా ఈ భాగంలో ఆమెకు మొదటి స్థానం ఎందుకు? దాదాపు 226 మీటర్ల ఎత్తున్న భాక్రా ఆనకట్ట వెనుక నిలిచిన గోవింద్ సాగర్ ఆ రోజుల్లో దేశంలోని పెద్ద శక్తి భాండాగారాల్లో ఒకటి. భాండాగారంలో ఎంత ఉన్నా, తీసి పంచే దారి లేకపోతే అది ఉండీ లేనట్టే. నిల్వ ఉన్న శక్తి టర్బైన్ దాటి, సబ్‌స్టేషన్ దాటి, ప్రమాదం లేకుండా లైన్లలోకి చేరాలి. ఆ దారిని కాగితం మీద గీసిన వారిలో లలిత ఒకరు.

1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. అప్పటికి మన దేశంలో అలాంటి సంఘం లేదు. లలిత వ్యక్తిగత హోదాలో దానికి హాజరయ్యారు. మరుసటి ఏడాది లండన్‌లోని మహిళా ఇంజనీరింగ్ సంఘంలో సభ్యురాలయ్యారు. 1977లో ఉద్యోగ విరమణ చేసి, 1979లో కన్నుమూశారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) చక్కెర కర్మాగారాన్ని నిల్వ యంత్రమని ఎందుకు అనవచ్చు?
(ఆ) లలిత పట్టా పత్రంలోని దిద్దుబాటు మనకు ఏమి తెలియజేస్తుంది?

5. డోవర్ సూర్యగృహం: వేడిని దాచిన ముగ్గురు స్త్రీలు

లలిత ఉద్యోగంలో చేరిన 1948లోనే అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, డోవర్ అనే ఊరిలో ఒక వింత ఇల్లు తయారైంది. చలికాలంలో దాన్ని ఎండ వేడితోనే వెచ్చగా ఉంచాలన్నది సంకల్పం. శాస్త్రవేత్త మరియా టెల్కెస్ హంగేరీలో పుట్టి అమెరికాకు వలస వెళ్లిన రసాయనవేత్త. ఇంటిని గీసిన వాస్తుశిల్పి ఎలియనార్ రేమండ్, డబ్బు పెట్టినవారు అమీలియా పీబాడీ. ముగ్గురూ స్త్రీలే.

ఎండ పగలు ఉంటుంది, చలి రాత్రి ఎక్కువ. మధ్యలో వేడిని దేనిలో దాచాలి? టెల్కెస్ గ్లాబర్ లవణాన్ని ఎంచుకున్నారు. ఇది సోడియం సల్ఫేట్‌లో ఒక రకం. సుమారు 32 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. కరిగేటప్పుడు చాలా వేడిని పీల్చుకుంటుంది, తిరిగి గడ్డకట్టేటప్పుడు ఆ వేడిని విడుస్తుంది. మీరు పాఠశాలలో చదివిన గుప్తోష్ణం ఇదే. డబ్బాల్లో నింపిన ఆ లవణం ఇంటిని మొదట బాగానే వెచ్చబరిచింది. మూడో చలికాలానికి లవణం పొరలుగా విడిపోయింది, డబ్బాలు తుప్పుపట్టాయి. ప్రయోగం ఆగిపోయింది.

దీన్ని వైఫల్యమని కొట్టిపారేయవచ్చా? కరిగి గడ్డకట్టే పదార్థాల్లో వేడిని దాచే విధానం ఇవాళ భవన నిర్మాణంలోనూ, మందులూ ఆహారమూ చల్లగా తరలించే పెట్టెల్లోనూ వాడుకలో ఉంది. పరిశోధనలో మొదటి ఇల్లు పాడుకావడం సహజం. తరువాతి ఇల్లు కట్టే అవకాశం పరిశోధకురాలికి దొరికిందా లేదా అన్నది అసలు ప్రశ్న. టెల్కెస్ ఒక విశ్వవిద్యాలయం నుంచి మరో దానికి మారుతూ దశాబ్దాల పాటు ఇదే పని కొనసాగించగలిగారు. అలా కొనసాగించలేక ఆగిపోయిన వారి పేర్లు చరిత్రకు అందవు.

6. కారైకుడి నుంచి కంది వరకు

నిల్వ పరిశోధనలో రసాయన మార్గం బ్యాటరీ. ధనధ్రువం, రుణధ్రువం, వాటి మధ్య విద్యుద్విశ్లేష్యం అన్నవి దాని మూడు ముఖ్య భాగాలు. లిథియం అయాన్ బ్యాటరీలో ఛార్జింగ్ సమయంలో లిథియం అయాన్లు ఒక ధ్రువం నుంచి రెండో దానికి చేరి దాగుతాయి, వాడేటప్పుడు వెనక్కి వస్తాయి. దీని అభివృద్ధికి 2019లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి ముగ్గురికి దక్కింది. ముగ్గురూ పురుషులే. ఆ జాబితా ఒక్కటే చదివితే ఈ రంగంలో స్త్రీలు లేరనుకునే ప్రమాదముంది. అమెరికాలో ఎస్తర్ టకెయుచీ గుండె లయను సరిదిద్దే, శరీరంలో అమర్చే పరికరాలకు లిథియం–వెండి వెనేడియం ఆక్సైడ్ బ్యాటరీని అభివృద్ధి చేసిన వారిలో ప్రముఖులు. ఆమె పేరిట 150కి పైగా పేటెంట్లున్నాయి. అది మనిషి గుండె పక్కనే సంవత్సరాల పాటు నమ్మకంగా పనిచేయవలసిన నిల్వ.

మన దేశంలో ఈ శాస్త్రానికి ఇల్లు తమిళనాడులోని కారైకుడి. కేంద్రీయ విద్యుద్రసాయన పరిశోధనా సంస్థకు అక్కడ 1948లో శంకుస్థాపన జరిగింది, 1953లో ప్రారంభోత్సవం జరిగింది. లిథియం బ్యాటరీల పరిశోధకురాలైన ఎన్. కలైసెల్వి 2019లో ఆ సంస్థకు తొలి మహిళా డైరెక్టర్ అయ్యారు. 2022 ఆగస్టులో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్‌గా నియమితులయ్యారు. 1942లో ఏర్పడిన ఆ మండలికి ఒక స్త్రీ అధిపతి కావడానికి ఎనభై ఏళ్లు పట్టింది. ఆమె ఒకే సంస్థలో చిన్న స్థాయి శాస్త్రవేత్తగా మొదలై దాని అధిపతి అయ్యారు. పాఠశాల చదువంతా తమిళ మాధ్యమంలో సాగింది. కళాశాలలో శాస్త్ర భావనలు పట్టుకోవడానికి ఆ మాతృభాషా పునాది తోడ్పడిందని ఆమే చెప్పారు. తెలుగు మాధ్యమంలో చదువుతున్న మీరు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

తెలంగాణలోనూ ఈ పని సాగుతోంది. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీ పదార్థాల మీద పరిశోధన చేస్తోంది. నిజాంసాగర్‌కు ఎగువన, అదే మంజీర పారే సంగారెడ్డి జిల్లాలోని కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. అక్కడ రసాయన శాస్త్ర ఆచార్యురాలు మేలేపురత్ దీప సూపర్‌కెపాసిటర్ల మీద, సౌరశక్తి పదార్థాల మీద పరిశోధన చేస్తున్నారు. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల భారీ కర్మాగారానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. నీటి నిల్వ కూడా పాతబడలేదు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని 150 మెగావాట్ల ఆరు యూనిట్లు రెండు వైపులా తిరుగుతాయి. విద్యుత్తు మిగిలినప్పుడు నీటిని పైకి ఎక్కించి, కొరత వచ్చినప్పుడు కిందికి వదులుతాయి. సౌర విద్యుత్తు పెరిగే కొద్దీ పగటి ఎండను రాత్రికి దాచే ఇలాంటి ఏర్పాట్ల అవసరం పెరుగుతూనే ఉంటుంది. ఉద్యోగాలూ అక్కడే పెరుగుతాయి.

7. ‘తొలి మహిళ’ అన్న మాట సరిపోతుందా?

పై విభాగాల్లో ‘తొలి మహిళ’ అన్న మాట మీకు పదే పదే కనిపించింది. పోటీ పరీక్షలకు అది పనికొస్తుంది. చరిత్ర రచనకు మాత్రం అది ఆరంభమే. ‘తొలి’ అన్నది ఎప్పుడు జరిగిందో చెబుతుంది, అంతకు ముందు ఎందుకు జరగలేదో చెప్పదు.

1939లో గిండీలో చేరగల ప్రతిభ ఉన్న అమ్మాయి మద్రాసు రాష్ట్రంలో ఒక్కతీ లేదా? ఉండే ఉంటుంది. ఆమెకు ఇంజనీరింగ్ ఆచార్యుడైన తండ్రి లేడు, ఒప్పుకునే ప్రిన్సిపాల్ లేడు, బిడ్డను చూసే సోదరుని ఇల్లు లేదు. లలిత ప్రతిభను ఇది తగ్గించదు. ప్రతిభ ఫలించడానికి ఏమేం కావాలో మాత్రం చూపిస్తుంది. ప్రవేశానికి అనుమతి, తోటి అమ్మాయిలు, పిల్లల సంరక్షణ, జీతం వచ్చే ఉద్యోగం అన్నవి ఆ జాబితాలో కనీసం నాలుగు. లలిత విషయంలో ఇవన్నీ కుటుంబం సమకూర్చింది. సమాజం సమకూర్చినప్పుడే అది ఒకరి అదృష్టం కాకుండా అందరి హక్కు అవుతుంది. కుటుంబ బాధ్యతల వల్ల పరిశోధన ఆపిన స్త్రీలు తిరిగి రావడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2002–03లో ప్రత్యేక పథకం తెచ్చింది. ఆ దిశలో అది ఒక అడుగు. ఇంటి పని ముగించుకొని రాత్రి పాఠాలు చదివే వారి కోసం ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా అలాంటి అడుగే.

8. మళ్లీ రుద్రూర్ వైపు

బోధన్ చక్కెర కర్మాగారంలో 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లాకౌట్ ప్రకటించారు. చుట్టుపక్కల చెరుకు తగ్గి వరి పెరిగింది. నిలవని దాన్ని నిలిపే యంత్రం ఆగిపోతే గడ పండించే చేను కూడా మారిపోతుందని ఈ ప్రాంతం అనుభవంతో తెలుసుకుంది.

అదే చెరుకు పిప్పికి ఇప్పుడు ప్రయోగశాలల్లో కొత్త గిరాకీ ఉంది. దాన్ని గాలి తగలకుండా అధిక ఉష్ణోగ్రతలో కాలిస్తే ఒక రకం కార్బన్ తయారవుతుంది. సోడియం అయాన్ బ్యాటరీల రుణధ్రువానికీ, సూపర్‌కెపాసిటర్లకూ దాన్ని వాడవచ్చని అనేక దేశాల్లో పరిశోధనలు చూపాయి. పొలం నుంచి బ్యాటరీ వరకు సాగే ఈ గొలుసులో ముచ్చె నాటే స్త్రీ, కార్బన్‌ను పరీక్షించే స్త్రీ రెండు చివర్లలో ఉన్నారు. ఆ రెండు చివర్ల మధ్య దూరం ఒక తరంలో తగ్గుతుందా, లేదా అన్నది రుద్రూర్ అమ్మాయికి పదో తరగతి తరువాత గణితం, రసాయన శాస్త్రం చదివే కళాశాల, హాస్టల్, బస్సు అందుబాటులో ఉన్నాయా అన్న దాని మీద ఆధారపడుతుంది. చరిత్ర మనకు చెప్పేది అదే.

9. సారాంశం

శక్తి నిల్వ జలాశయం, చెరుకు, కరిగే లవణం, బ్యాటరీ వంటి అనేక రూపాల్లో ఉంది. శ్రమలో స్త్రీలు మొదటి నుంచీ ఉన్నా, రూపకల్పనలోకి వారి ప్రవేశం ఆలస్యమైంది. లలిత, టెల్కెస్, టకెయుచీ, కలైసెల్వి జీవితాలు ప్రతిభతో పాటు సంస్థల తలుపులు తెరుచుకోవడం ఎంత ముఖ్యమో చూపిస్తాయి. ‘తొలి మహిళ’ను గుర్తించడంతో ఆగకుండా, ఆమెకు ముందు ఎవరూ ఎందుకు లేరని, ఆమె తరువాత ఎంతమంది వచ్చారని అడగడం చరిత్ర విద్యార్థి పని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) డోవర్ సూర్యగృహంలో వేడిని ఎలా నిల్వ చేశారు?
(ఆ) శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం నిల్వ కేంద్రంగా ఎలా పనిచేస్తుంది?

10. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. అయ్యలసోమయాజుల లలిత వృత్తి జీవితానికి తోడ్పడిన సామాజిక, కుటుంబ పరిస్థితులను విశ్లేషించండి.
2. ‘శక్తి నిల్వ చరిత్రలో స్త్రీలు లేరనడం సరికాదు.’ చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 15 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. రుద్రూర్–బోధన్ ప్రాంతం ఆధారంగా శక్తి నిల్వ గొలుసును వివరించండి.
2. ‘తొలి మహిళ’ అనే వర్ణన పరిమితులేమిటి?

11. కార్యాచరణ

మీ ఊరిలో చెరుకు పనికి, కాలువ పనికి, కర్మాగారపు పనికి వెళ్లిన వృద్ధ స్త్రీలలో ఇద్దరిని కలవండి. వారి అనుమతి తీసుకొని ఏ ఏడాది ఏ పని చేశారో, ఎంత కూలి వచ్చేదో, పనిలోకి వెళ్లినప్పుడు పిల్లలను ఎవరు చూసేవారో అడిగి రాసుకోండి. వారి మాటలను వారి మాటల్లోనే రాయండి, దిద్దకండి. కూలి చీటీ, గుర్తింపు కార్డు, పాత ఫొటో ఏదైనా ఉంటే దాని వివరాలు నమోదు చేయండి. కౌన్సెలింగ్ తరగతికి వచ్చేటప్పుడు ఆ కాగితాలు వెంట తెచ్చుకోండి. శిలాఫలకం మీద లేని పేర్లు రికార్డుకెక్కడం అక్కడి నుంచే మొదలవుతుంది.